21 రోజుల సూది: పర్లాకిమిడిలోని ఒక ఇంజక్షన్ గదిపై సమీక్ష

మా అమ్మాయికి కీళ్ళవాత జ్వరం వల్ల గుండె వాల్వు దెబ్బతింది, అందుకని 21 రోజులకొకసారి పెన్సిలిన్ సూది పడుతుంది. నాలుగేళ్ళలో 65కు పైగా సూదులు మూడు చోట్ల వేయించాను. రెండు చోట్ల మానేశాను, మూడో చోటికి ఇప్పటికీ వెళ్తున్నాను. ఈ సమీక్ష ఆ మూడో చోటు గురించి, అంటే ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రిలో శనివారం ఉదయం మాత్రమే తెరిచే ఇంజక్షన్ గది గురించి. 21 రోజులంటే సరిగ్గా మూడు వారాలు కనుక, శనివారం మొదలైన సూది ఎప్పటికీ శనివారమే పడుతుంది. ఈ చిన్న సంగతిని ఆసరా చేసుకుని గదిని వారానికొక్క రోజే నడపడం ఎవరికి తోచిందో గాని, బడి, కూలి, సంత అన్నీ చూసుకోవలసిన ఇళ్ళకు అది పెద్ద వెసులుబాటు.

ఆసుపత్రి పేరు రాయడం లేదు. మొదటి రెండు చోట్ల పేర్లు దాచి దీని పేరొక్కటే రాస్తే ప్రకటనలా ఉంటుంది, మూడూ రాస్తే తగాదా అవుతుంది. ఈ జబ్బుతో తిరుగుతున్న పిల్లల తల్లిదండ్రులు మా ఊళ్ళో ఆ గదిని ఎలాగూ గుర్తుపడతారు. గుణుపురంలోనో రాయగడలోనో ఉన్నవారికి ఇక్కడి పేరుతో పని లేదు, వారి ఊళ్ళో ఇలాంటి గది దొరికితే దాన్ని ఏ కంటితో చూడాలో తెలిస్తే చాలు.

జబ్బు సంగతి చెప్పకపోతే గది సంగతి అర్థం కాదు. అమ్మాయికి పదకొండో ఏట, వానలు వెనకపట్టే రోజుల్లో గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయోటిక్ మాత్రలు రెండు రోజులు వేశాం. జ్వరం దిగింది, మిగిలిన మాత్రలు అలమరలో ఉండిపోయాయి. మూడు వారాలు తిరగకుండానే కుడి మోకాలు వాచి, ఎర్రబడి, దుప్పటి తగిలినా కేక వేసేటంత నొప్పి పట్టుకుంది. రెండు రోజులకు మోకాలు తేలికపడింది గాని చీలమండ వాచింది, అది తగ్గేలోగా మణికట్టు వంతు వచ్చింది. మేము చూపించిన క్లినిక్కులో "ఎదిగే పిల్ల, వాతం చేసింది" అని నొప్పి మాత్రలు రాశారు. మాత్ర పడగానే నొప్పి మాయమైంది. ఒక కీలు నుంచి మరో కీలుకు పాకడం, నొప్పి మాత్రకు అంత తొందరగా లొంగడం, ఈ రెండూ కలిసి కనిపిస్తే కీళ్ళవాత జ్వరాన్ని, అంటే రుమాటిక్ ఫీవర్‌ని అనుమానించాలని మాకు ఎవరూ చెప్పలేదు. నొప్పి తగ్గింది కదా అని మేమూ అడగలేదు.

ఈ జ్వరం గొంతులో మొదలై గుండెలో తేలుతుంది. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరినప్పుడు దాన్ని చంపడానికి ఒంట్లో ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఆ జీవి పైపొరలో ఉండే ఎం ప్రోటీన్‌కూ, మన గుండె కండరంలోని మయోసిన్ వంటి పదార్థాలకూ పోలిక ఉండటం వల్ల, కొందరు పిల్లల్లో ఆ ప్రతిరక్షకాలు శత్రువు పోయాక కూడా ఆగకుండా సొంత కీళ్ళ మీద, గుండె మీద, మెదడులో కదలికలను అదుపు చేసే భాగం మీద పడతాయి. గొంతునొప్పికీ దీనికీ మధ్య సుమారు రెండు మూడు వారాల ఎడం ఉంటుంది కనుకనే మన ఇళ్ళలో ఆ రెండింటినీ ఎవరూ కలిపి చూడరు. చాలామందికి గొంతునొప్పి వచ్చిన సంగతే గుర్తుండదు. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకు, ఒకే గదిలో నలుగురైదుగురు పడుకునే ఇళ్ళలో వస్తుంది. ఇది కీళ్ళను నాకి గుండెను కరుస్తుందని 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు లాసేగ్ అన్నాడట. మా అమ్మాయి కీళ్ళు ఇప్పుడు పూర్తిగా బాగున్నాయి, ఎక్కడా వంకర లేదు. గుండె మాట వేరు.

మాకు గుండె సంగతి చేతి రాత వల్ల తెలిసింది. సంక్రాంతి దాటాక అమ్మాయి చేతిలోంచి గ్లాసులు జారడం మొదలైంది. కంచం ముందు కూర్చుంటే ముద్ద నోటికి చేరేలోగా చేయి పక్కకు విదిలేది. నాలుక చాపమంటే చాపి, నిలపలేక వెంటనే లోపలికి లాక్కునేది. నేను ఉపాధ్యాయిని, పైగా అమ్మను. ఈ రెండు హోదాల్లోనూ తిట్టాను. ఒడియా నోటుపుస్తకం తెరిస్తే, గుండ్రంగా గొడుగు పట్టినట్టుండే ఆ అక్షరాలు గీత దాటి కిందికి జారి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పేజీ చివరికి వచ్చేసరికి పెన్సిలు కాగితాన్ని చింపేసింది. బడిలో గోడకుర్చీ వేయించారట. రాత్రి నిద్రలో మాత్రం చేతులు కదలకుండా ఉండేవి. పగలు ఆగని చేయి నిద్రలో ఆగిపోతుంటే మా అత్తగారికి గాలి సోకిందన్న అనుమానం వచ్చింది, నాకేమో ఇది కావాలని చేసే అల్లరి అన్న అనుమానం మరింత గట్టిపడింది. రెండూ తప్పే. దాన్ని సిడెన్‌హామ్ కొరియా అంటారు, అదీ ఈ జ్వరం పనే. సిడెన్‌హామ్ అనే ఇంగ్లండు వైద్యుడు దాన్ని వర్ణించింది 1686లో. గొంతునొప్పి తరవాత ఒకటి నుంచి ఆరు నెలలకైనా రావచ్చు, కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది, నిద్రలో ఆగిపోవడం దాని స్వభావమే.

విశాఖపట్నంలో ఒక గుండె వైద్యుడు స్టెతస్కోపు పెట్టి, అమ్మాయిని ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, చాలాసేపు విని, ఏ పరీక్షా రాయకముందే నన్ను అడిగిన మొదటి ప్రశ్న "ఆరు నెలల్లో ఎప్పుడైనా కీళ్ళు వాచాయా?" అని. రోగాన్ని నిర్ధారించడానికి 1944లో డకెట్ జోన్స్ అనే వైద్యుడు కొన్ని లక్షణాలను కలిపి ఒక పద్ధతి పెట్టాడు, 2015లో దాన్ని చివరిసారి సవరించారు, నేటికీ అదే కొలబద్ద. ఎకో, అంటే గుండె స్కాను, తీస్తే మైట్రల్ వాల్వు, అంటే ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే రెండు రేకుల తలుపు, సరిగా మూసుకోక రక్తం కొంత వెనక్కి కారుతున్నట్టు తేలింది. పిల్లల్లో ముందు ఇలా లీకుగా కనిపిస్తుంది. జ్వరం మళ్ళీ మళ్ళీ తిరగబెడితే రేకులు మందమై, అంచులు అతుక్కుని, పెద్దయ్యాక ఆ దారి ఇరుకవుతుంది. అప్పుడు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, గుండె లయ తప్పడం, లోపల గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం, ఆడవాళ్ళకైతే గర్భం దాల్చినప్పుడు ప్రాణం మీదికి రావడం.

పడిన దెబ్బను మందు మాన్పలేదు, మరో దెబ్బ పడకుండా కాయగలదు. ఒకసారి ఈ జ్వరం వచ్చిన పిల్లకు మళ్ళీ అదే గొంతు ఇన్‌ఫెక్షను తగిలితే జ్వరం తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ, ప్రతి తిరగబాటూ వాల్వును ఇంకొంచెం పాడుచేస్తుంది. అందుకే గొంతులో ఆ జీవికి చోటు లేకుండా బెంజథీన్ పెన్సిలిన్‌ను తుంటి కండరంలో వేస్తారు. అది అక్కడ నిలవుండి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. నాలుగో వారానికి రక్తంలో మందు పలచబడుతుంది కనుక మన దేశంలో 21 రోజుల గడువు పెడతారు. గుండెకు తగిలి లీకు మిగిలినవారికి కనీసం 10 ఏళ్ళు గాని, 40 ఏళ్ళ వయసు వచ్చేదాకా గాని, ఏది ఎక్కువైతే అది. ఏడాదికి 17 చొప్పున వేసుకుంటే మా అమ్మాయికి దాదాపు 500 సూదులు. ఆ లెక్క నేను రైల్లో తిరిగి వస్తూ వేశాను. పాతపట్నం స్టేషను దాటేదాకా నోట మాట రాలేదు.

అన్ని సూదులు వేయించుకోవాలంటే వేసే చోటు సవ్యంగా ఉండాలి. మొదటి చోటు అలా లేదు. వెళ్ళిన ప్రతిసారీ కొత్త మనిషి. ఈ మందు తెల్లని పొడిగా సీసాలో వస్తుంది, శుద్ధజలం కలిపితే పలచటి పాలలా అవుతుంది గాని కరగదు. నలకలు నీటిలో తేలుతూనే ఉంటాయి. కలిపి నిలవుంచితే, లేదా సన్నని సూది వాడితే, మధ్యలో అడ్డుపడుతుంది. ఆ చోట రెండుసార్లు అలాగే అడ్డుపడింది. ఒకసారి సగం మందు గోడ మీదికి చిమ్మింది, ఎంత లోపలికి పోయింది, ఎంత గోడకు పోయింది అన్నది ఎవరూ రాయలేదు. సూది పడిన వెంటనే "ఇక వెళ్ళండి" అనేవారు. ఒక రోజు ఆటో ఎక్కబోతూ అమ్మాయి కళ్ళు తేలేసింది. ఏమీ తినకుండా తీసుకెళ్ళడం నా తప్పు. అరగంట కూర్చోబెట్టకపోవడం వారి తప్పు.

రెండో చోటు మనుషులు మంచివారు. అక్కడ లోపం ఏమిటంటే తూకపు యంత్రం లేదు, మందు నిలవా లేదు. 27 కిలోల లోపు పిల్లలకు 6 లక్షల యూనిట్లు, ఆ పైన 12 లక్షల యూనిట్లు వేయాలి. మొదలుపెట్టినప్పుడు అమ్మాయి 26 కిలోలు. ఏడాదిలో 31కి చేరింది. అయినా చీటీలో ఉన్న 6 లక్షలే పడుతూ వచ్చింది. చీటీని చూశారు గాని పిల్లను చూడలేదు. పైగా ఒక దఫా మందు రాలేదని "వచ్చే వారం రండి" అని రెండుసార్లు తిప్పారు. 21 రోజులు కావలసింది 38 అయింది. ఆ తరవాత విశాఖలో ఎకోకు వెళ్ళినప్పుడు వైద్యుడు వాల్వు బొమ్మ చూడకముందే సూదుల పుస్తకం అడిగి, ఆ 38 రోజుల ఖాళీ చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశారు. నాతో ఒక్క మాటా అనలేదు. ఆ గీత ఇప్పటికీ పుస్తకంలో ఉంది.

ఇక మూడో గది. పది అడుగుల వెడల్పు, ఒక మంచం, ఒక బల్ల, గోడకు తూకపు యంత్రం. గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు యంత్రం ఎక్కమంటారు. అది మొదటిసారి చూసినప్పుడే నాకు ఆ గది మీద గురి కుదిరింది. సిస్టర్ బరంపురం వైపు మనిషి, పిల్లలతో ఒడియాలో, తల్లులతో తెలుగులో మాట్లాడుతుంది, సవర పల్లెల నుంచి వచ్చినవారితో రెండూ కలిపి మాట్లాడుతుంది. "తిన్నావా, మా? నీళ్ళు తాగావా?" అని అడగందే మంచం చూపించదు. ఒడియాలో ఆడపిల్లను "మా" అని పిలవడం ముద్దు. ఆ పిలుపుకు మా అమ్మాయి సగం మెత్తబడుతుంది.

సూది వేసే తీరు దగ్గరుండి చూశాను కనుక వివరంగా రాస్తాను. పిల్ల లోపలికి వచ్చి పడుకున్నాకే సీసాలో నీరు పోస్తుంది. సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మజ్జిగ కవ్వంలా దొర్లిస్తుంది, పైకీ కిందికీ కుదపదు. కుదిపితే నురగ వస్తుంది, నురగలో మందు ఉండిపోతుంది. లావుపాటి సూది. లావు సూది చూసి పిల్లలు భయపడతారని సన్నది వాడే చోట్లే అడ్డుపడి రెండో పోటు పడుతుంది. స్పిరిటు తుడిచి, అది ఆరేదాకా ఆగుతుంది. తడి మీద గుచ్చితే మంట ఎక్కువ. తుంటి పైభాగాన, బయటి వైపు, బొటనవేలితో పదిదాకా లెక్కపెడుతూ గట్టిగా నొక్కి, వేలు తీసిన చోటే గుచ్చుతుంది. ఆ తరవాత అసలు ఓపిక. రెండు నిమిషాలు తీసుకుని మెల్లగా తోస్తుంది. అంతసేపూ పిల్లతో బడి కబుర్లు, పొఖాళొ (చద్దన్నం) తిన్నావా, ఏ కూరతో తిన్నావు అని. మొదటి చోట ఐదు సెకన్లలో అయిపోయేది, నొప్పి రెండు రోజులుండేది. ఇక్కడ రెండు నిమిషాలు పడుతుంది, మర్నాటికి అమ్మాయి సైకిలు తొక్కుతుంది. మందు అదే, మోతాదు ఎక్కువ.

పళ్ళెంలో గుడ్డ కింద, ఎలర్జీ వికటిస్తే వెంటనే ఇవ్వడానికి, ఎడ్రినలిన్ ఆంప్యూలు, సిరంజి సిద్ధంగా ఉంటాయి. నేను అడిగితే గుడ్డ ఎత్తి చూపించింది, ఆంప్యూలు మీది గడువు తేదీ కూడా చదివించింది. పెన్సిలిన్‌కు తీవ్రమైన ఎలర్జీ అరుదు, వస్తే మాత్రం నిమిషాల్లో వస్తుంది. దాని భయంతో ఈ సూది వేయనే వేయమనే చోట్లు మా వైపు ఇంకా ఉన్నాయి. వాల్వు బాగా పాడై గుండె బలహీనపడినవారి విషయంలో మరో సంగతి ఉంది. అలాంటివారు సూది తరవాత కుప్పకూలిన సందర్భాల్లో కొన్నింటికి ఎలర్జీ కారణం కాకపోవచ్చునని, నొప్పికీ భయానికీ రక్తపోటు ఒక్కసారిగా పడిపోవడం కారణం కావచ్చునని 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పింది. అటువంటివారికి సూది బదులు రోజూ మాత్రలు మేలని సూచించింది. ఈ గదికి నెలకొకసారి వచ్చే వైద్యుడు బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పెద్దవాళ్ళను మాత్రలకు మార్చడం నేను చూశాను. తక్కినవారిని కూడా పడుకోబెట్టి వేయడం, ముందు నీళ్ళు తాగించడం, అరగంట కదలనివ్వకపోవడం ఆ జాగ్రత్తలోనివే.

అదే వైద్యుడు ఒక పిల్లవాడికి సూది మాన్పించడం కూడా చూశాను, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అప్పుడే. ఎక్కడో రక్తపరీక్షలో ఏఎస్ఓ ఎక్కువ వచ్చిందని ఆ పిల్లవాడికి ఏడాదిగా 21 రోజులకొకసారి సూదులు పొడుస్తున్నారు. ఏఎస్ఓ పెరిగిందంటే ఈ మధ్య ఆ సూక్ష్మజీవి ఒంట్లోకి వచ్చి పోయిందని మాత్రమే అర్థం. గొంతునొప్పి వచ్చిన మామూలు పిల్లల్లో కూడా పెరుగుతుంది. కీళ్ళ వాపు లేదు, కొరియా లేదు, ఎకో శుభ్రంగా ఉంది. ఆయన పాత కాగితాలన్నీ చదివి, ఎకో మళ్ళీ తీయించి, "వీడికి ఈ జబ్బు లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు. సూది వేస్తే గదికి రుసుము వస్తుంది, ఆపితే రాదు. 

సూది నిజంగా పనిచేస్తుందా అన్న సందేహం నాకూ ఉండేది, ఎందుకంటే ఏమీ జరగకపోవడమే దాని ఫలితం. కంటికి ఏదీ కనబడదు. ఉగాండాలో, బయటికి ఏ లక్షణమూ లేకుండా ఎకోలో మాత్రమే వాల్వు మార్పులు కనిపించిన 818 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రెండేళ్ళు ఈ సూది వేసి చూశారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం సూది వేసిన జట్టులో 0.8 శాతం మందికి, వేయని జట్టులో 8.2 శాతం మందికి జబ్బు ముదిరింది. మా అమ్మాయి ఆ కోవలోది కాదు, ఆమెకు జ్వరం బయటికే వచ్చింది. అయినా ఆ రెండు అంకెలను కాగితం మీద రాసి ఇంట్లో దేవుడి గూట్లో పెట్టాను. అత్తగారు ఏమిటది అని అడిగితే మంత్రం అన్నాను.

గదిలో నాకు అన్నిటికన్నా నచ్చింది రిజిస్టరు. పొడుగాటి లెక్కల పుస్తకం. ఎడమ పక్క పేరు, ఊరు, బరువు, మోతాదు, మందు సీసా బ్యాచి నంబరు, కుడి పక్క వచ్చే తేదీ. శనివారం మధ్యాహ్నం గది మూసేముందు రానివారి పేర్ల పక్కన చుక్క పెడతారు, సోమవారం పొద్దున్నే ఫోను వెళ్తుంది. మాకు ఒకసారి వచ్చింది. మహేంద్రతనయ ఏరు పొంగి దారి ఆగిన వారం అది. "రేపు రండి, ఒక్క రోజుకు గది తెరుస్తాను" అంది సిస్టర్, తెరిచింది కూడా. వలస పోయేవారికి ఇంకో ఏర్పాటు ఉంది. సూరత్ మిల్లులకో కేరళకో పోయే కుర్రవాళ్ళకు మందు పేరు, మోతాదు, చివరి తేదీ, రావలసిన తేదీ ఇంగ్లీషులో రాసి, ముద్ర వేసి, చిన్న అట్ట ఇస్తారు. అది చూపిస్తే అక్కడ ఎవరైనా వేస్తారని వారి ఆశ. ఒక కుర్రవాడు ఆ అట్టను సెల్‌ఫోను కవరులో, ఫోనుకు వెనక పెట్టుకుని తిరగడం చూశాను.

లోపాలు లేవని కాదు. మొదటిది తెర. మంచానికీ బెంచీకీ మధ్య ఏ అడ్డూ లేదు. ఎనిమిదేళ్ళ పిల్లలకు పర్వాలేదు గాని, పదిహేనేళ్ళ ఆడపిల్ల పదిమంది ఎదుట తుంటికి సూది వేయించుకోవాలంటే ఎంత నలిగిపోతుందో ఆలోచించేవారు లేరు. ఈ వయసులో పిల్లలు సూది మానేస్తే నొప్పికి భయపడి మానేశారంటారు. మా అమ్మాయి నొప్పి గురించి ఎప్పుడూ గొడవ చేయలేదు, తెర గురించి రెండుసార్లు ఏడ్చింది. రెండోది భాష. గోడ మీది సూచనలు ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. వచ్చేవారిలో సగం మంది తెలుగువాళ్ళు, పాతపట్నం వైపు నుంచి కూడా వస్తారు. గొంతునొప్పి వస్తే తొమ్మిది రోజుల లోపు సరైన యాంటీబయోటిక్ మొదలుపెడితే ఈ జ్వరం రాకుండా ఆపవచ్చునని, మొదలుపెట్టిన పెన్సిలిన్ మాత్రలను పూర్తిగా 10 రోజులు వాడాలని ఆ గోడ మీదే ఒడియాలో ఉంది. ఇంట్లో మిగతా పిల్లలున్న తెలుగు తల్లులు దాని కింద కూర్చుని కూడా చదవలేరు. నాకు చదవడం వచ్చు, చదివిన రోజున అలమరలోని మాత్రలు గుర్తొచ్చాయి.

మూడో లోపం వాల్వు ఆపరేషను అయినవారికి. లోహపు వాల్వు వేయించుకున్నవారు రక్తం పలచబడే మాత్రలు జీవితాంతం వాడాలి, రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్ఆర్ అనే పరీక్ష తరచుగా చేయించుకుని, మైట్రల్ స్థానంలో వాల్వు అయితే అది 2.5కూ 3.5కూ మధ్య ఉండేలా మోతాదు సర్దుకోవాలి. తగ్గితే వాల్వు దగ్గర రక్తం గడ్డకడుతుంది, పెరిగితే ఎక్కడైనా కారుతుంది. ఆ పరీక్ష ఈ గదిలో లేదు. రక్తం తీసి బయటికి పంపి, ఫలితం వచ్చేసరికి రోజు గడుస్తుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ 1990లోనే మన దేశపు వాల్వును తయారుచేసి మనిషి గుండెలో అమర్చింది. అంత దూరం వచ్చినవాళ్ళం ఒక చుక్క రక్తపు పరీక్షకు ఊరు దాటవలసి రావడం నాకు కొరుకుడు పడదు. బెంచీ మీద నాకు పరిచయమైన ఒక కోడలు పిల్లకు వాల్వు ఇరుకైంది, ఐదో నెల గర్భం. గోడకు జేరబడి కూర్చుంటే తప్ప రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆమెకు ఆపరేషను లేకుండా, తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూను పంపి వాల్వును తెరిచారు. జపానులో ఇనోవే అనే వైద్యుడు 1982లో మొదలుపెట్టిన పద్ధతి అది. రేకులు అనుకూలంగా ఉంటేనే కుదురుతుంది. ఆమెకు కుదిరింది, బాబును ఎత్తుకుని సూదికి వస్తోంది.

కార్డుల గొడవ గది తప్పు కాదు, అయినా చెప్పాలి. ఏటి అవతల ఆంధ్ర, ఇవతల ఒడిశా. మన తెలుగువాళ్ళకు విశాఖ దగ్గర, చుట్టాలూ అక్కడే. కాని ఆరోగ్యశ్రీ (2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆంధ్ర కార్డున్నవారికి, ఒడిశాలో 2018లో వచ్చిన బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన గాని, 2025లో దాని స్థానంలో ఆయుష్మాన్ భారత్‌తో కలిపి తెచ్చిన గోపబంధు జన ఆరోగ్య యోజన గాని ఒడిశా కార్డున్నవారికి. ఆపరేషను దాకా పోయే జబ్బు కనుక, ఎకోకు ఏ ఊరు అలవాటు చేసుకోవాలన్నది మొదటే ఆలోచించుకోవడం మంచిది. బరంపురం వైద్య కళాశాల మా పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరుతోనే ఉంది. అయినా మా వీధిలో చాలామంది బరంపురం రైలు కంటే విశాఖ రైలే ముందు ఎక్కుతారు. ఈ గది వారు రెండు వైపులా చూసేలా సూదుల పుస్తకం ఇంగ్లీషులో రాసి ఇస్తారు, నాలుగేళ్ళలో మాకు ఎక్కడా ఇబ్బంది రాలేదు.

కొత్తగా గది వెతుక్కుంటున్నవారు రుసుము ఎంత అని అడిగే ముందు మరికొన్ని అడగాలి. పిల్లను తూచారా? మందు ఇప్పుడు కలుపుతున్నారా, పొద్దున్న కలిపి పెట్టారా? పళ్ళెంలో ఎడ్రినలిన్ ఉందా? అరగంట ఎక్కడ కూర్చోవాలి? మేము రాకపోతే మీకు ఎలా తెలుస్తుంది? చివరి ప్రశ్నకు మొదటి రెండు చోట్లవారు నా మొహం చూశారు. ఇక్కడ రిజిస్టరు నా వైపు తిప్పారు.

ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తున్నాను, తగ్గించిన ఒక్కటీ తెర కోసం. పోయిన శనివారం సిస్టర్‌తో ఈ మాటే అంటే, తాను మూడుసార్లు అడిగానని, పై వాళ్ళకు రోగుల రాతలో కావాలని, సూచనల పుస్తకం తీసి ఇచ్చింది. "ఒడియాలో రాస్తే కమిటీ తొందరగా చదువుతుంది" అంది. నా ఒడియా రాత అంతంత మాత్రం. అమ్మాయి అరగంట కూర్చోవలసిన బెంచీ మీదే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాసింది, ఆరు వరసలు. నేను వంగి చూశాను. గొడుగులన్నీ గీత మీదే ఉన్నాయి.